ఎక్స్‌ఎంఎల్‌లో సార్టింగ్, గ్రూపింగ్: తేడా వచ్చేది కీ దగ్గరే

ట్యాగుల మధ్య డేటా రాసే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లను కావలసిన రూపంలోకి మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ. దాంతో రిపోర్టులు తీసేవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కులు రెండున్నాయి. చిన్న నుంచి పెద్దకు వరస పెట్టమంటే 9 వచ్చి 120 కింద కూర్చుంటుంది. పంటలవారీగా విడదీయమంటే ఒకే పంట పేరు రెండు హెడింగుల కింద కనిపిస్తుంది. మొదటిది సార్టింగ్ సమస్య, రెండోది గ్రూపింగ్ సమస్య. రెండింటిలోనూ చాలామంది ముందు సింటాక్స్‌నే అనుమానిస్తారు. టెంప్లేట్లు (ఏ భాగాన్ని ఎలా రాయాలో చెప్పే ముక్కలు) తిరగరాస్తారు, ఒక్కొక్కదాన్నీ తిప్పే ఫర్-ఈచ్ ఆదేశం తీసేసి, టెంప్లేట్లను పిలిచే అప్లై-టెంప్లేట్స్ పెడతారు, చివరికి వీటిని నడిపే ప్రాసెసర్‌లో బగ్ ఉందంటారు. తప్పు సాధారణంగా అక్కడ ఉండదు. దేన్నిబట్టి పోల్చాలో చెప్పే కీలో ఉంటుంది.

మార్కెట్ యార్డులకు వచ్చిన సరుకు వివరాలు ఒక ఫైల్లో ఇలా ఉన్నాయనుకుందాం. ఊళ్లూ పంటలూ నిజమైనవే, అంకెలు మాత్రం ఉదాహరణ కోసం వేసినవి.

<సరుకు>
  <లాట్ ఊరు="గుంటూరు" పంట="మిర్చి" క్వింటాళ్లు="100"/>
  <లాట్ ఊరు="నిజామాబాద్" పంట="పసుపు" క్వింటాళ్లు="45"/>
  <లాట్ ఊరు="ఖమ్మం" పంట="మిర్చి" క్వింటాళ్లు="9"/>
  <లాట్ ఊరు="ఆదోని" పంట="పత్తి" క్వింటాళ్లు="60"/>
  <లాట్ ఊరు="దుగ్గిరాల" పంట="పసుపు" క్వింటాళ్లు="120"/>
  <లాట్ ఊరు="గుంటూరు" పంట="మిర్చి" క్వింటాళ్లు="20"/>
</సరుకు>

ట్యాగుల పేర్లు తెలుగులో ఉన్నా ఇది చెల్లే ఎక్స్‌ఎంఎల్లే. 1998 ఫిబ్రవరిలో ఎక్స్‌ఎంఎల్ 1.0 వచ్చినప్పటి నుంచీ ఎలిమెంట్ల (పైన లాట్ లాంటివి) పేర్లలోనూ అట్రిబ్యూట్ల (ఊరు, పంట లాంటివి) పేర్లలోనూ తెలుగు అక్షరాలు వాడుకోవచ్చు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ సొంత ఆదేశాల పేర్లను మాత్రం అసలు ఫైల్లో ఇంగ్లీషు అక్షరాల్లోనే రాయాలి. చదవడానికి వీలుగా ఇక్కడ వాటినీ తెలుగు లిపిలోనే ఇస్తున్నాం.

వరస మారుతుంది, చెట్టు మారదు

స్టైల్‌షీట్‌కు, అంటే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రాసిన ప్రోగ్రాముకు, అందేది టెక్స్ట్ ఫైలు కాదు, ఆ ఫైలు చదివి కట్టిన నోడ్ల చెట్టు. ఒక్కో ఎలిమెంటూ, ఒక్కో అట్రిబ్యూటూ అందులో ఒక నోడ్. ఫర్-ఈచ్ లోపలో అప్లై-టెంప్లేట్స్ లోపలో సార్ట్ రాస్తే ఆ చెట్టులో ఒక్క నోడ్ కూడా చోటు మారదు. నోడ్లను ఏ క్రమంలో సందర్శించాలన్నదే మారుతుంది. టీచరు హాజరు పట్టీ చేతిలో పెట్టుకుని మార్కుల వరసలో పిల్లల్ని పిలిస్తే పట్టీలో పేర్లు ఉన్నచోటే ఉంటాయి, పిలుపు వరస ఒక్కటే వేరవుతుంది. ఇదీ అంతే.

మామూలు విషయంలా కనిపించినా, మొదటి పెద్ద పొరపాటు పుట్టేది ఇక్కడే. పై ఆరు లాట్లనూ క్వింటాళ్ల ప్రకారం సంఖ్యలుగా సార్ట్ చేస్తే వరస 9, 20, 45, 60, 100, 120 అవుతుంది. రెండోది గుంటూరు నుంచి వచ్చిన 20 క్వింటాళ్ల మిర్చి. ఆ లాట్ దగ్గర పొజిషన్ ఫంక్షన్ 2 అని చెబుతుంది, ఎందుకంటే అది సార్ట్ అయిన వరసను చూస్తుంది. అదే లాట్ దగ్గర 'దీనికి ముందున్న లాట్ ఏది' అని ప్రిసీడింగ్-సిబ్లింగ్‌తో అడిగితే ఖమ్మం రాదు, దుగ్గిరాల వస్తుంది. అది చూసేది చెట్టుని. చెట్టులో ఈ లాట్‌కు ముందున్నది దుగ్గిరాల 120 క్వింటాళ్ల పసుపే.

పాత కోబాల్ రిపోర్టుల అలవాటున్నవాళ్లు 'ముందు సార్ట్ చేద్దాం, ముందు వరసతో పోల్చి విలువ మారినచోట హెడింగ్ వేద్దాం' అనుకుంటారు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0లో ఆ ఎత్తు పారదు. సార్ట్ చేసిన ఫలితాన్ని ఒక వేరియబుల్లో దాచుకుని దాని మీద రెండో విడత నడపాలంటే, 1.0లో అది అలా తిరగడానికి వీల్లేని తునక. నోడ్-సెట్ అనే ఎక్స్‌టెన్షన్ ఫంక్షన్ సాయం పట్టాలి, అది ప్రాసెసర్‌ని బట్టి మారుతుంది. 2.0లో ఈ అడ్డంకి తీసేశారు. పెర్ఫార్మ్-సార్ట్ అనే ఆదేశంతో సార్ట్ అయిన వరసను వేరియబుల్లో పెట్టుకుని, దాన్ని మామూలుగానే తిరగవచ్చు.

100, 120, 20, 45, 60, 9

సార్ట్‌కు ఏమీ చెప్పకుండా క్వింటాళ్లు అని మాత్రమే ఇస్తే వచ్చే వరస ఇది. 1.0లో డేటా-టైప్ అట్రిబ్యూట్ రాయకపోతే విలువలను అక్షరాలుగా పోలుస్తుంది. 1 కన్నా 9 పెద్ద అక్షరం కాబట్టి 9 అట్టడుగుకు పోతుంది. డేటా-టైప్‌కు నంబర్ అని ఇస్తే సరి. 2.0లో అయితే కీ ఏదో చెప్పే సెలెక్ట్‌లోనే నంబర్ ఫంక్షన్‌తో చుట్టడం మంచి పద్ధతి.

ఇంతవరకూ ఏ పాఠంలోనైనా దొరుకుతుంది. మన దగ్గర డేటా వచ్చే తీరులో ఇంకో రెండు చిక్కులున్నాయి. మొదటిది కామా. ఎక్సెల్ నుంచో అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచో తీసిన ఫైల్లో మొత్తం 1,20,000 అని ఉంటే నంబర్ ఫంక్షన్‌కు అది సంఖ్య కాదు. ఫలితం 'సంఖ్య కాదు' అనే ప్రత్యేక విలువ, అదే నాన్. చిన్న నుంచి పెద్దకు సార్ట్ చేసినప్పుడు నాన్ విలువలు అన్నింటికన్నా ముందుకొస్తాయని 2.0 ప్రమాణం స్పష్టంగా చెబుతుంది. అంటే లక్షా ఇరవై వేల లాట్ వెళ్లి 9 క్వింటాళ్ల లాట్‌కి పైన కూర్చుంటుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. రిపోర్టు చూసిన మనిషికి అనుమానం రావాలి, అంతే. ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో కామాను ఖాళీగా మార్చి ఆ తర్వాత నంబర్ చేస్తే ఈ బాధ ఉండదు.

రెండోది తెలుగు అంకెలు. రికార్డులో ౧౨౦ అని ఉంటే అదీ నాన్ అవుతుంది. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ లోపల విలువలను వెతికి లెక్కకట్టే ఎక్స్‌పాత్ భాష గుర్తించే అంకెలు 0 నుంచి 9 దాకా ఉన్న పది గుర్తులే. దీనికీ మందు ట్రాన్స్‌లేటే: '౦౧౨౩౪౫౬౭౮౯' అనే పది గుర్తుల స్థానంలో '0123456789' పెట్టమనాలి.

తేదీలదీ ఇదే కథ. 14-11-2024 అని రోజు ముందు పెట్టి రాస్తే అక్షరాల సార్ట్‌లో అన్ని నెలల ఒకటో తేదీలూ ఒకచోట చేరతాయి. సంవత్సరం ముందు వచ్చేలా 2024-11-14 అని ఉంటే అక్షరాలుగా సార్ట్ చేసినా సరిపోతుంది. ఫైలు మన చేతిలో లేకపోతే సబ్‌స్ట్రింగ్‌తో సంవత్సరం, నెల, రోజు ముక్కలు తీసి మూడు సార్ట్‌లు వరసగా పెట్టుకోవచ్చు. మొదటి సార్ట్ ప్రధానం, దాంట్లో సమానమైనవాటి మధ్యే రెండోది పనిచేస్తుంది. అన్ని కీలూ సమానమైతే నోడ్లు మొదట వచ్చిన వరసలోనే ఉండిపోతాయి. ఈ హామీ ఉండబట్టే, ముందే తేదీ ప్రకారం ఉన్న ఫైల్ని ఊరి ప్రకారం సార్ట్ చేస్తే ఒక్కో ఊరిలో తేదీల వరస చెడదు.

ఇంకొకటి చాలామందిని బోల్తా కొట్టిస్తుంది. ఏ కాలమ్ ప్రకారం సార్ట్ చేయాలో యూజరే ఎంచుకునేలా ఒక పారామీటర్ పెడతారు. దానికి 'పంట' అనే పేరు వస్తుంది. సార్ట్ సెలెక్ట్‌లో నేరుగా ఆ పారామీటర్‌నే ఇస్తారు. వరస అంగుళం కూడా కదలదు. ప్రతి నోడ్ దగ్గరా కీ విలువ 'పంట' అనే ఒకే స్ట్రింగ్ కాబట్టి అన్నీ సమానమే. కావలసింది ఆ పేరుతో ఉన్న అట్రిబ్యూట్ విలువ. అన్ని అట్రిబ్యూట్లలో నేమ్ ఫంక్షన్ విలువ ఆ పారామీటర్‌తో సరిపోయేదాన్ని ఎంచుకోమని ప్రెడికేట్, అంటే చదరపు బ్రాకెట్లలో పెట్టే షరతు, రాయాలి.

తెలుగు పేర్ల వరస

ఊళ్ల పేర్లను సార్ట్ చేయమంటే ఏ క్రమంలో రావాలి? పలకా బలపం నాటి జవాబు: య, ర, ల, వ, శ, ష, స, హ, ళ, క్ష, ఱ. కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు (కోడ్‌పాయింట్) ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు అక్షరాల వరస ఇది కాదు. అక్కడ ర తర్వాత ఱ, దాని తర్వాత ల, ళ, ఆపైన వ, శ, ష, స, హ వస్తాయి. సున్న, విసర్గ అయితే అ కన్నా ముందే ఉన్నాయి.

కోడ్‌పాయింట్ల ప్రకారం సార్ట్ చేస్తే కంభం, కడప, కళ్యాణదుర్గం, కవిటి, కావలి అని వస్తుంది. బడిలో నేర్పిన వరసలో కవిటి ముందు, కళ్యాణదుర్గం తర్వాత. ఇక కంభం సంగతి. గుణింతం చదివేటప్పుడు కం, కః చివర్న వస్తాయి కాబట్టి ఆ లెక్కన కంభం కొవ్వూరు తర్వాత ఎక్కడో ఉండాలి. కోడ్‌పాయింట్ల లెక్కలో అన్నింటికన్నా ముందుంది. ఏది పాటించాలన్నది రిపోర్టు తీసేవాళ్లు ముందే తేల్చుకోవాల్సిన నియమం. తేల్చుకోకపోతే ప్రాసెసరే తేల్చేస్తుంది.

సార్ట్‌కు లాంగ్ అనే అట్రిబ్యూట్ ఉంది, దానికి తెలుగు భాష కోడ్ ఇవ్వవచ్చు. కానీ నియమాలు పాటించే రెండు ప్రాసెసర్లు ఒకే వరస ఇవ్వకపోవచ్చనీ, కొన్ని ప్రాసెసర్లు కొన్ని భాషలను పట్టించుకోకపోవచ్చనీ 1.0 ప్రమాణమే ఒప్పుకుంటుంది. 2.0లో అక్షరాల పోలిక నియమాలను ఎంచుకునే కొలేషన్ అట్రిబ్యూట్ వచ్చింది, 3.0 కాలానికి యూనికోడ్ కొలేషన్ ఆల్గారిథమ్‌ని పిలిచే ప్రామాణిక చిరునామా కూడా ఏర్పడింది. అక్కడ భాషను, తేడా ఎంత సూక్ష్మంగా చూడాలన్నదాన్ని పారామీటర్లుగా ఇవ్వవచ్చు. ఇవి దొరికేచోట వాడుకోవడమే మేలు.

దొరకనిచోట ఒక ఉపాయం ఉంది. ట్రాన్స్‌లేట్ ఫంక్షన్‌తో అక్షరాలకు తాత్కాలికంగా స్థానాలు మార్చవచ్చు. సార్ట్ కీలో ఊరి పేరును ఇలా మార్చాలి:

'లవశషసహళఱ' లోని అక్షరాల బదులు వరసగా 'ఱలళవశషసహ'

మొదటి స్ట్రింగ్‌లో ఉన్నది మనకు కావలసిన వరస. రెండోదాంట్లో ఉన్నది అవే ఎనిమిది అక్షరాలు, యూనికోడ్ వరసలో. ల వెళ్లి ఱ స్థానంలోకి, వ వెళ్లి ల స్థానంలోకి, అలా ఒక్కొక్కటీ జరిగి చివరికి ఱ వెళ్లి హ స్థానంలో నిలుస్తుంది. కవిటి అనేది కీలో 'కలిటి' అవుతుంది, కళ్యాణదుర్గంలో ళ ఉన్నచోట స చేరుతుంది. ల కన్నా స వెనక కాబట్టి కవిటి ముందుకొస్తుంది. ఈ వికార రూపం పోలికకే, అవుట్‌పుట్‌లో కనిపించేది అసలు పేరే. క్ష మాత్రం క ఒత్తుల్లోనే ఉండిపోతుంది, దాన్ని ఒంటరి అక్షరంగా చివరికి పంపడం ఈ ఒక్క లైనుతో కాదు. పోలిక కోడ్‌పాయింట్ల ప్రకారమే జరగాలన్న షరతు కూడా ఉంది. 2.0లో ఆ కొలేషన్‌నే స్పష్టంగా అడగవచ్చు. 1.0లో వాడుతున్న ప్రాసెసర్ ఏం చేస్తోందో నాలుగు పేర్లతో పరీక్షించి చూసుకోవాలి. కేస్-ఆర్డర్ అనే అట్రిబ్యూట్ గురించి తెలుగువాళ్లు తలపట్టుకోనక్కర్లేదు, మన లిపిలో పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు.

గ్రూపింగ్ లేని రోజులు

1999 నవంబర్ 16న వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0ని సిఫార్సుగా విడుదల చేసింది, ఎడిటర్ జేమ్స్ క్లార్క్. అందులో సార్ట్ ఉంది గానీ గ్రూపింగ్‌కు ఆదేశమేదీ లేదు. రిపోర్టులు తీయడానికి ఇంతగా వాడే భాషలో ఇది చిత్రమైన లోటే. సరుకును పంటలవారీగా చూపించాలంటే రెండు పనులు కావాలి: ఏయే పంటలు ఉన్నాయో ఒక్కొక్కటీ ఒక్కసారే పట్టుకోవడం, ఆ పంట లాట్లన్నీ తేవడం. రెండోది ప్రెడికేట్‌తో తేలిక. కష్టం మొదటిదానిది.

మొదట్లో వాడిన పద్ధతి ఇదీ: ప్రతి లాట్ దగ్గరా ఆగి, దీని పంట పేరు ముందు వచ్చిన ఏ లాట్‌లోనైనా ఉందా అని వెనక్కి చూడడం, లేకపోతే ఇదే ఆ పంటకు మొదటి లాట్ అనుకోవడం. ఆరు లాట్లకు బాగానే ఉంటుంది. పదివేల లాట్లున్నాయి, కీ విలువలన్నీ వేర్వేరు అనుకుంటే పోలికలు 4,99,95,000, అంటే దాదాపు 5 కోట్లు. పరీక్ష ఫైలుతో చిటికెలో నడిచిన స్టైల్‌షీట్ అసలు ఫైలుతో కదలకుండా కూర్చోవడానికి కారణం సాధారణంగా ఇదే. ఫైలు పది రెట్లు పెరిగితే పని వంద రెట్లు పెరుగుతుంది.

దీనికి పరిష్కారంగా ఒరాకిల్‌లో పనిచేసిన స్టీవ్ మ్యూంచ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికే మ్యూంకియన్ గ్రూపింగ్ అని పేరు. మొదటిసారి చూసినవాళ్లకు ఇది మంత్రంలా ఉంటుంది. విప్పితే అంత లేదు.

ముందు స్టైల్‌షీట్ పైభాగంలో ఒక కీ ప్రకటించాలి. పేరు 'పంటవారీ', అది పట్టుకునేది లాట్ ఎలిమెంట్లను, చూసే విలువ పంట అట్రిబ్యూట్‌ని. ప్రాసెసర్ దీన్నిబట్టి ఒక సూచిక కట్టుకుంటుంది. ఇక కీ ఫంక్షన్‌ని 'మిర్చి' అని అడిగితే గుంటూరు, ఖమ్మం, మళ్లీ గుంటూరు లాట్లు మూడూ ఒక్కసారిగా వస్తాయి, వెతుకులాట లేదు. తర్వాత ఫర్-ఈచ్‌లో ఈ షరతు:

లాట్[జెనరేట్-ఐడీ(.) = జెనరేట్-ఐడీ(కీ('పంటవారీ', @పంట)[1])]

జెనరేట్-ఐడీ ప్రతి నోడ్‌కూ ఒక గుర్తు ఇస్తుంది. ఒకే నోడ్‌ని రెండుసార్లు అడిగితే ఆ పరుగులో అదే గుర్తు వస్తుంది. ఇక షరతును మాటల్లో చదివితే: నా పంటకు సూచికలో ఉన్న మొదటి లాట్ నేనేనా? గుంటూరు 100 క్వింటాళ్ల లాట్ అవుననే అంటుంది. ఖమ్మం కాదంటుంది, ఎందుకంటే మిర్చిలో మొదటిది గుంటూరుది. నిజామాబాద్ పసుపులో మొదటిది, ఆదోని పత్తిలో మొదటిది. దుగ్గిరాల, రెండో గుంటూరు లాట్ పక్కకు తప్పుకుంటాయి. మిగిలినవి మూడు లాట్లు, మూడు పంటలకు ప్రతినిధులు. ఒక్కో ప్రతినిధి దగ్గర హెడింగ్ రాసి, కీ ఫంక్షన్‌తో ఆ పంట లాట్లన్నీ లోపల తిప్పితే గ్రూపింగ్ పూర్తయినట్టే.

గ్రూపులను మొత్తం క్వింటాళ్ల ప్రకారం పెద్ద నుంచి చిన్నకు పెట్టాలంటే, ప్రతినిధుల మీద నడిచే ఫర్-ఈచ్‌లోనే సార్ట్ పెట్టి కీతో తెచ్చిన లాట్ల క్వింటాళ్లను సమ్ ఫంక్షన్‌కు ఇవ్వాలి. పసుపు 165, మిర్చి 129, పత్తి 60 అని వరస వస్తుంది. ఒక్క లాట్‌లో కామా ఉన్నా 1.0లో ఆ గ్రూపు మొత్తం నాన్ అయిపోతుంది. 2.0 ఇంత మెతక కాదు, స్కీమా (విలువల రకాలు చెప్పే వివరణ) లేని డేటాలో అలాంటి విలువను కూడమంటే ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగడమే నయం.

కీ ఫంక్షన్ పరిధి మొత్తం డాక్యుమెంట్. ఈ సంగతి మరిస్తే మరో తప్పు జరుగుతుంది. ఫైల్లో లాట్లు జిల్లాల కింద విడివిడిగా ఉన్నాయి, ఒక్కో జిల్లాలో పంటలవారీగా చూపాలి అంటే పంట ఒక్కటే కీగా సరిపోదు. మిర్చికి మొదటి లాట్ ఒక జిల్లాలో దొరికేశాక మిగతా జిల్లాల్లో మిర్చి హెడింగే రాదు. కీలో తల్లి నోడ్ గుర్తును కూడా కలపాలి: తల్లి జెనరేట్-ఐడీ, ఒక గీత, పంట పేరు. మధ్యలో గీత ఊరికే పెట్టేది కాదు. కోడ్లను నేరుగా అతికిస్తే 1, 12 అనే జంటా 11, 2 అనే జంటా రెండూ 112 అయి ఒకే గ్రూపులో పడతాయి. డేటాలో ఎక్కడా రాని గుర్తునే గీతగా ఎంచుకోవాలి.

ఒకేలా కనిపించే రెండు కీలు

ఒక పంట లేదా ఊరు రెండు హెడింగులుగా చీలిపోయిందంటే ప్రాసెసర్ దృష్టిలో అవి రెండు వేర్వేరు స్ట్రింగులు. కళ్లకు తేడా కనిపించదు కాబట్టే ఈ తప్పు దొరకడానికి పూట పడుతుంది. మామూలు అనుమానితుడు చివర్న మిగిలిన ఖాళీ. నార్మలైజ్-స్పేస్ దాన్ని తీసేస్తుంది. అయితే అది తీసేది స్పేస్, ట్యాబ్, లైన్ మార్పు గుర్తులనే. వెబ్ పేజీల నుంచి కాపీ చేసిన డేటాలో ఉండే విడిపోని స్పేస్, అంటే 160వ అక్షరం, దానికి కనిపించదు.

తెలుగులో అసలు దొంగ ఇంకొకడు: 8204వ అక్షరం. పొల్లు తర్వాత వచ్చే హల్లు దానికి ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డులు పెట్టే అదృశ్య గుర్తు ఇది. నిజామాబాద్‌లో అని టైపు చేసినప్పుడు ద్ తర్వాత అది ఉంటుంది. 'లో' చెరిపేసి ఊరి పేరు మాత్రం ఉంచితే ఆ గుర్తు చివర్న మిగిలిపోవచ్చు. స్క్రీన్ మీద రెండూ నిజామాబాద్‌లే. గ్రూపింగ్‌లో రెండు నిజామాబాద్‌లు. ట్రాన్స్‌లేట్‌తో ఈ గుర్తును కీలోంచి తీసేస్తే రెండూ ఒకటవుతాయి.

హైదరాబాద్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు విధాలుగా రాయవచ్చు: మొత్తం ఒకే గుర్తుగా, లేదా ఎత్వం గుర్తు తర్వాత కింది భాగపు గుర్తుగా. యూనికోడ్ నియమాల ప్రకారం ఈ రెండూ సమానమే, కానీ స్ట్రింగ్ పోలికకు సమానం కావు. 2.0లో నార్మలైజ్-యూనికోడ్ ఫంక్షన్ రెండింటినీ ఒకే రూపానికి తెస్తుంది. 1.0లో అలాంటిదేమీ లేదు, ఫైలు స్టైల్‌షీట్ దాకా రాకముందే సరిచేసుకోవాలి. ఇక కళ్యాణదుర్గం, కల్యాణదుర్గం అనే రెండు రాతల మధ్య తేడాను ఏ ఫంక్షనూ తీర్చదు. దానికి పేర్ల పట్టిక ఒకటి పెట్టుకోవాల్సిందే.

చీలడం కన్నా ప్రమాదకరమైనది మాయమవడం. ఒక లాట్‌కు పంట అట్రిబ్యూటే లేదనుకుందాం. మ్యూంకియన్ పద్ధతిలో ఆ లాట్ సూచికలోకే ఎక్కదు, ఏ గ్రూపుకూ ప్రతినిధి కాదు, ఏ గ్రూపులోనూ కనిపించదు. కింద చెప్పబోయే 2.0 గ్రూప్-బైలోనూ అంతే: కీ విలువే లేకపోతే ఆ నోడ్ ఏ గ్రూపులోనూ చేరదు. చీలిన హెడింగ్ కంటికి కనిపిస్తుంది, రాని లాట్ కనిపించదు. కీని స్ట్రింగ్ ఫంక్షన్‌తో చుడితే లేని విలువ ఖాళీ స్ట్రింగ్ అవుతుంది, అలాంటి లాట్లన్నీ 'పంట రాయనివి' అని ఒక గ్రూపుగా బయటపడతాయి. గ్రూపుల్లోని లాట్ల లెక్కలు కూడి, మొత్తం లాట్ల సంఖ్యతో సరిపోయిందో లేదో చూసే ఒక్క లైను రిపోర్టు అడుగున పెట్టుకోవడం డబ్బు లెక్కలున్న ప్రతిచోటా తప్పనిసరి.

2.0 తెచ్చిన నాలుగు తీర్లు

2007 జనవరి 23న వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0కి మైఖేల్ కే ఎడిటర్. శాక్సన్ ప్రాసెసర్ రాసిందీ ఆయనే. ఫర్-ఈచ్-గ్రూప్ ఆదేశం ఇందులో వచ్చింది, మ్యూంకియన్ మంత్రం అవసరం తీరిపోయింది. లాట్లను ఎంచుకుని, గ్రూప్-బైకి పంట అట్రిబ్యూట్ ఇస్తే చాలు. లోపల కరెంట్-గ్రూపింగ్-కీ అంటే పంట పేరు, కరెంట్-గ్రూప్ అంటే ఆ పంట లాట్లన్నీ. సార్ట్ ఏమీ పెట్టకపోతే గ్రూపులు తొలిసారి కనిపించిన వరసలో వస్తాయి: మిర్చి, పసుపు, పత్తి.

గ్రూప్-బైలో ఒక నోడ్‌కు కీలు ఒకటికన్నా ఎక్కువ ఉండవచ్చు. ఇద్దరు రచయితలున్న పుస్తకాన్ని రచయితలవారీగా గ్రూప్ చేస్తే అది ఇద్దరి కిందా వస్తుంది. పుస్తకాల జాబితాకు ఇదే కావాలి. ధరలు కూడేటప్పుడు మాత్రం ఆ పుస్తకం రెండుసార్లు లెక్కకొస్తుంది, గ్రూపుల మొత్తం అసలు మొత్తాన్ని మించుతుంది.

మిగతా మూడింటికీ నోడ్లు ఉన్న వరస కూడా ముఖ్యమే. గ్రూప్-అడ్జసెంట్ పక్కపక్కన ఉన్న సమాన విలువలనే కలుపుతుంది. మన ఫైల్లో పంట ప్రకారం అది వాడితే ఆరు లాట్లకు ఆరు గ్రూపులొస్తాయి, ఎందుకంటే ఏ రెండు పక్కపక్క లాట్లకూ పంట ఒకటి కాదు. ఇది పనికిరాదనిపిస్తుంది గానీ, వర్డ్ డాక్యుమెంట్లతో పనిచేసేవాళ్లకు ప్రాణం ఇదే. వర్డ్ ఫైల్లో బుల్లెట్ జాబితాకు చుట్టూ జాబితా అనే ఎలిమెంట్ ఉండదు. పేరాలన్నీ ఒకదాని కింద ఒకటి పరిచి ఉంటాయి, జాబితాకు చెందిన పేరాకు లోపల నంబరింగ్ లక్షణం ఒకటి ఉంటుంది. దాన్ని ఈ-బుక్‌గా మార్చాలంటే వరసగా ఉన్న అలాంటి పేరాలను ఒక జాబితాలో చుట్టాలి. గ్రూప్-అడ్జసెంట్‌కు 'నంబరింగ్ లక్షణం ఉందా' అనే అవును-కాదు ప్రశ్ననే కీగా ఇస్తే పని అయిపోతుంది. అవును వచ్చిన గ్రూపుల చుట్టూ జాబితా ట్యాగ్, కాదు వచ్చినవి యథాతథం.

గ్రూప్-స్టార్టింగ్-విత్ హెడింగుల కోసం. హెడింగ్ పేరా కనిపించిన ప్రతిచోటా కొత్త గ్రూపు మొదలవుతుంది, తర్వాతి హెడింగ్ దాకా అన్నీ అందులోనే. అధ్యాయం లోపల ఉపశీర్షికలుంటే కరెంట్-గ్రూప్ మీదే మళ్లీ ఇంకో ఫర్-ఈచ్-గ్రూప్ నడిపితే చదునైన ఫైలు మెట్లుమెట్లుగా తయారవుతుంది. ఒక చిన్న జాగ్రత్త: మొదటి హెడింగ్ కన్నా ముందు ఏవైనా పేరాలుంటే అవీ ఒక గ్రూపే అవుతాయి, హెడింగ్ లేని గ్రూపు. టెంప్లేట్ దాన్ని ఊహించి రాసి ఉండాలి. గ్రూప్-ఎండింగ్-విత్ దీనికి తిరగేసిన రూపం, వాడకం తక్కువ.

2017 జూన్ 8న వచ్చిన 3.0లో కాంపోజిట్ అనే అట్రిబ్యూట్ చేరింది. ఊరు, పంట రెండూ కలిపి కీగా ఇస్తే వాటిని జంటగా చూస్తుంది, మధ్యలో గీత పెట్టి అతికించే పని తప్పింది. ఫైలు మెమరీలో పట్టనంత పెద్దదైతే వాడే స్ట్రీమింగ్ కూడా 3.0లోనే వచ్చింది. చివరి నోడ్ చూడకుండా మొదటిది ఏదో చెప్పలేం కాబట్టి సార్టింగ్‌కూ స్ట్రీమింగ్‌కూ పడదు. ఫైలు ముందే పంట ప్రకారం వరసలో ఉంటే గ్రూప్-అడ్జసెంట్ మాత్రం స్ట్రీమింగ్‌లో హాయిగా నడుస్తుంది. ఒక్కో యార్డు ఫైలూ తేదీల వరసలోనే వస్తుంటే, వాటిని ఒకే వరసగా కలపడానికి మెర్జ్ అనే ఆదేశం వేరే ఉంది.

1.0 ఇంకా ఎందుకు ఎదురవుతోంది

బ్రౌజర్లలో లోపలే ఉన్న ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0తోనే ఆగిపోయింది. డాట్‌నెట్‌తో వచ్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ తరగతులూ, లినక్స్ సర్వర్లలో అందరూ వాడే లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ కూడా అంతే. అందుకే మ్యూంకియన్ పద్ధతిని కొత్తగా రాయనక్కర్లేకపోయినా చదవడం రావాలి. పాత స్టైల్‌షీట్లలో అది ఎక్కడైనా తగులుతుంది. 2025లో క్రోమ్ బృందం బ్రౌజర్ నుంచి ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని తీసేసే ఆలోచనను ప్రకటించింది. దాంతో బ్రౌజర్‌ని నమ్ముకున్న స్టైల్‌షీట్లను సర్వర్ వైపుకో, జావాస్క్రిప్ట్‌లో నడిచే శాక్సన్ వైపుకో మార్చుకోవాల్సి వస్తుంది. ఎలాగూ కదిలిస్తున్నప్పుడు గ్రూపింగ్ భాగాలను ఫర్-ఈచ్-గ్రూప్‌లోకి తిరగరాయడం తెలివైన పని.

మార్చేటప్పుడు స్టైల్‌షీట్ మొదటి ట్యాగ్‌లో ఉండే వెర్షన్ అట్రిబ్యూట్ మీద ఓ కన్నేసి ఉంచాలి. అది 1.0 అని ఉంటే, వెనకటి తీరుకు మద్దతిచ్చే కొత్త ప్రాసెసర్ 1.0 పద్ధతిలోనే మసలుకుంటుంది. సార్ట్ కీగా రెండు నోడ్లు వచ్చినా మొదటిదాన్ని తీసుకుని మారుమాట్లాడకుండా సాగిపోతుంది. వెర్షన్‌ను 2.0కో 3.0కో మార్చగానే అదే సార్ట్ ఎర్రర్ చూపి ఆగుతుంది. కంగారుపడి వెర్షన్‌ను వెనక్కి తిప్పేవాళ్లే ఎక్కువ. ఆ ఎర్రర్ చూపించిన చోట ఇన్నేళ్లుగా ఏ విలువ ప్రకారం సార్ట్ అవుతూ వచ్చిందో ముందు చూడాలి.